జర్నల్ పేపర్‌లో ప్లేజియరిజం రాకుండా ఎలా రాయాలి: మొదటి నోట్స్ నుంచి ఎడిటర్ మెయిల్ దాకా

"సర్, నా పేపర్ 23 శాతం వచ్చింది, రేపటికల్లా 10 లోపు దించాలి, ఎలా?" మా లైబ్రరీలో సిమిలారిటీ రిపోర్ట్‌లు (పేపర్‌లో ఎంత శాతం వేరేచోట ఉన్నదానితో కలుస్తోందో సాఫ్ట్‌వేర్ లెక్కవేసి ఇచ్చేవి) తీసే డెస్క్ దగ్గర నాకు రోజూ వచ్చే ప్రశ్న ఇది. రీసెర్చ్ స్కాలర్స్ అడుగుతారు, కొత్తగా చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్లు అడుగుతారు, ఒక్కోసారి గైడ్‌లు కూడా అడుగుతారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు మొత్తం ఒకచోట రాస్తే అందరికీ పనికొస్తుందని ఇది రాస్తున్నా.

ముందే ఒక మాట. రిపోర్ట్ వచ్చిన రోజున చేయగలిగింది చాలా తక్కువ. ప్లేజియరిజం, అంటే వేరేవాళ్ల మాటలు, ఐడియాలు ఎవరివో చెప్పకుండా వాడేయడం, పేపర్‌లోకి వచ్చేది మీరు చదువుతూ నోట్స్ రాసుకునే రోజున, ఆపడం కూడా ఆ రోజే తేలిక. అందుకే ఇందులో సాఫ్ట్‌వేర్ గురించి వెనకాల వస్తుంది, నోట్స్ గురించి ముందు వస్తుంది.

## 1. శాతం అంటే ఏంటో ముందు తెలుసుకోండి

సాఫ్ట్‌వేర్ చూపించేది సిమిలారిటీ, అంటే మీ వాక్యాలు వేరే ఎక్కడో ఉన్న వాక్యాలతో ఎంత కలుస్తున్నాయి అని, అంతే. అది దొంగతనమా కాదా అనేది మనిషి చూసి చెప్పాలి. 22 శాతం వచ్చినా తప్పు లేని పేపర్లు ఉంటాయి, రిఫరెన్సులు, స్టాండర్డ్ పద్ధతుల పేర్లు, సంస్థల పేర్లు అన్నీ కలిసి అంత అవుతాయి. 4 శాతమే వచ్చి, ఆ 4 శాతం మొత్తం వేరేవాళ్ల రిజల్ట్స్ పేరా అయితే మాత్రం అది పక్కా ప్లేజియరిజం. ఐడియా ఎత్తేసి మాటలన్నీ మార్చేస్తే సున్నా కూడా రావచ్చు, అయినా తప్పు తప్పే.

మన దేశంలో యూజీసీ 2018లో తెచ్చిన రెగ్యులేషన్స్ ప్రకారం లెవెల్స్ ఇలా ఉన్నాయి:

- 10 శాతం వరకు: లెవెల్ 0, శిక్ష లేదు
- 10 దాటి 40 వరకు: లెవెల్ 1
- 40 దాటి 60 వరకు: లెవెల్ 2
- 60 దాటితే: లెవెల్ 3

థీసిస్ అయితే లెవెల్ 1లో ఆరు నెలలు మించకుండా ఇచ్చిన గడువులో సరిచేసి మళ్లీ ఇవ్వాలి, లెవెల్ 2లో ఏడాది పాటు మళ్లీ ఇవ్వడానికి లేదు, లెవెల్ 3లో రిజిస్ట్రేషనే రద్దు. పబ్లికేషన్ అయితే లెవెల్ 1లో పేపర్ వెనక్కి తీసుకోవాలి, లెవెల్ 2లో దానితో పాటు ఒక ఇంక్రిమెంట్ పోతుంది, రెండేళ్లు కొత్త స్కాలర్లని తీసుకోకూడదు, లెవెల్ 3లో వరుసగా రెండు ఇంక్రిమెంట్లు, మూడేళ్లు.

చాలామంది ఇక్కడితో చదవడం ఆపేస్తారు. అదే రెగ్యులేషన్స్‌లో ఇంకో మాట ఉంది: అబ్‌స్ట్రాక్ట్, సమ్మరీ, హైపోథీసిస్, అబ్జర్వేషన్స్, రిజల్ట్స్, కన్‌క్లూజన్స్, రికమండేషన్స్, వీటిలో సిమిలారిటీ అసలు ఉండకూడదు అని. అందరికీ తెలిసిన విషయాలు, యాదృచ్ఛికంగా కలిసే మాటలు వరసగా 14 పదాల వరకు లెక్కలోకి రావు. అంటే "నాది 9 శాతమే కదా" అని ధీమాగా ఉండే పేపర్‌లో ఆ 9 కన్‌క్లూజన్‌లో ఉంటే ఇబ్బందే.

ఇక ఇంటర్నేషనల్ జర్నల్స్‌కి ఈ 10 శాతం రూల్‌తో సంబంధం లేదు. అన్ని జర్నల్స్‌కీ కలిపి ఒకటే కటాఫ్ అనేది ఎక్కడా లేదు, ఎడిటర్ రిపోర్ట్ తెరిచి ఏ వాక్యం ఎక్కడిది అని చూస్తారు.

## 2. చదవడం మొదలుపెట్టే ముందు చేయాల్సిన ఏర్పాటు

ఇది ఒక్క పూట పని, దయచేసి దాటేయొద్దు.

ముందు ఒక రిఫరెన్స్ మేనేజర్ (చదివిన పేపర్లని, వాటి వివరాలని దాచిపెట్టే సాఫ్ట్‌వేర్) పెట్టుకోండి. జొటెరో ఉచితం, మెండెలే కూడా వాడొచ్చు, నేను జొటెరోనే చెప్తా, ఎందుకంటే పీడీఎఫ్‌ని అందులోనే తెరిచి హైలైట్ చేసి, ఆ హైలైట్స్‌ని నోట్స్‌లోకి తెస్తే పేజీ నంబర్‌తో సహా వస్తాయి. ఏదైనా పేపర్ రిట్రాక్ట్ అయి (అంటే అచ్చయ్యాక జర్నల్ దాన్ని వెనక్కి తీసుకుని) ఉంటే ఎర్రగా హెచ్చరిక కూడా చూపిస్తుంది.

తర్వాత నోట్స్‌కి మూడు రంగులు పెట్టుకోండి:

- ఎరుపు: పీడీఎఫ్ నుంచి యథాతథంగా కాపీ చేసింది. రెండు వైపులా కొటేషన్ గుర్తులు, చివర రచయిత, సంవత్సరం, పేజీ నంబర్ తప్పనిసరి.
- నలుపు: ఆ రచయిత చెప్పిందే, నా మాటల్లో. చివర రచయిత, సంవత్సరం.
- ఆకుపచ్చ: చదువుతుంటే నాకు వచ్చిన ఆలోచన, సందేహం, అభ్యంతరం.

ఈ రంగులు చిన్నపిల్లల పనిలా అనిపిస్తాయి. కానీ నా దగ్గరికి వచ్చే కేసుల్లో కావాలని కాపీ కొట్టినవాళ్ల కంటే, రెండేళ్ల కిందట వర్డ్ ఫైల్లో పేస్ట్ చేసి పెట్టుకున్న పేరాని ఇప్పుడు చూసి "ఇది నేనే రాశాను కదా" అనుకుని పేపర్‌లో వాడేసినవాళ్లే ఎక్కువ. ఆమధ్య ఒకమ్మాయి రిపోర్ట్‌లో ఒక పేరా మొత్తం ఎర్రగా వచ్చింది, నా ముందే కూర్చుని ఏడ్చేసింది, తను రాసిందేనని గట్టిగా నమ్మింది. లాప్‌టాప్‌లో పాత నోట్స్ ఫైల్ తెరిపించా. అదే పేరా ఉంది, కింద ఏ పేరూ లేదు, కానీ లైన్ల మధ్యలో పీడీఎఫ్ నుంచి కాపీ చేస్తే వచ్చే హైఫన్లు అలాగే ఉన్నాయి, పదం సగంలో విరిగి తర్వాతి లైన్‌కి పోయినవి. అప్పుడు తనకే అర్థమైంది. నోట్స్‌లో ఎరుపు రంగు ఉండుంటే ఆ రోజు అలా జరిగేది కాదు.

## 3. చదివింది మీ మాటల్లో రాసే పద్ధతి

అందరూ తప్పు చేసేది ఇక్కడే కాబట్టి కొంచెం ఎక్కువసేపు చెప్తా.

పారాఫ్రేజ్ అంటే పదాలకి పర్యాయపదాలు పెట్టడం అనుకుంటారు. కాదు. ఒక ఉదాహరణ చూద్దాం, పేపర్ ఇంగ్లీషులో ఉన్నా అర్థం కావడానికి తెలుగులో ఇస్తున్నా. నల్గొండ ఫ్లోరైడ్ మీద పనిచేసేవాళ్లు ఒక పేపర్‌లో ఇలాంటి వాక్యం చదివారనుకోండి:

మూలం: "గ్రానైట్ రాతి పొరల్లో నీరు ఎక్కువకాలం నిలవ ఉండడం వల్ల రాతిలోని ఫ్లోరైడ్ ఖనిజాలు నెమ్మదిగా కరిగి, భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ స్థాయి పెరుగుతోంది."

తప్పుగా రాసింది: "గ్రానైట్ శిలల పొరల్లో జలం చాలాకాలం ఉండిపోవడం మూలంగా శిలలోని ఫ్లోరైడ్ మినరల్స్ మెల్లగా కరిగి, గ్రౌండ్ వాటర్‌లో ఫ్లోరైడ్ లెవెల్ ఎక్కువవుతోంది."

రెండోదాంట్లో ఒక్కో పదం మారింది, కానీ వాక్యం ఎముకల గూడు అదే. ముందు రాయి, తర్వాత నీరు, తర్వాత కారణం, తర్వాత ఫలితం, వరస కూడా మారలేదు. చివర సైటేషన్ (ఇది ఎవరి పేపర్ నుంచి వచ్చిందో చెప్పే గుర్తు) పెట్టినా ఇది తప్పే, ఎందుకంటే సైటేషన్ చెప్పేది "విషయం వాళ్లది" అని, వాక్యం కూడా వాళ్లదే అని చదివేవాళ్లకి తెలియదు.

సరిగ్గా రాసింది: "ఫ్లోరైడ్ రాతిలోంచే వస్తోందని, నీరు రాతిలో ఎంతకాలం ఉంటే అంత ఎక్కువగా కరుగుతుందని ముందు పేపర్లు చెప్తున్నాయి (సైటేషన్). ఇదే నిజమైతే లోతైన బోర్లలో ఫ్లోరైడ్ ఎక్కువ కనపడాలి. అందుకే మేము శాంపిల్స్‌ని బోరు లోతుని బట్టి విడగొట్టి చూశాం."

చూశారా, ఇక్కడ వాళ్ల మాట మీ వాదనలో ఒక మెట్టు అయింది. వాళ్లు చెప్పింది మీకు ఎందుకు కావాలో తెలిస్తే వాక్యం దానంతటదే మారుతుంది, తెలియకపోతే ఎన్ని పర్యాయపదాలు పెట్టినా మారదు.

చేసే వరస:

1. పేరా రెండుసార్లు చదవండి.
2. పీడీఎఫ్ మూసేయండి. మినిమైజ్ కాదు, మూసేయండి.
3. పక్కనున్న ఫ్రెండ్‌కి చెప్తున్నట్టు తెలుగులో పైకి చెప్పండి. ఫోన్‌లో రికార్డ్ చేసుకున్నా సరే.
4. ఇది నా పేపర్‌కి ఎందుకు కావాలి అని ఒక్క ముక్కలో రాసుకోండి.
5. అప్పుడు ఇంగ్లీషులో రాయండి, సైటేషన్ వెంటనే పెట్టండి. తర్వాత పెడదాం అనుకుంటే మర్చిపోతారు.
6. పీడీఎఫ్ మళ్లీ తెరిచి అంకెలు, అర్థం సరిపోయాయో లేదో చూడండి.

మూడో మెట్టు మన తెలుగువాళ్లకి బాగా పనిచేస్తుంది. ఇంగ్లీషు వాక్యం చూస్తూ ఇంగ్లీషులో రాస్తే అదే అచ్చు మళ్లీ దిగుతుంది, మధ్యలో మన భాషలో ఒకసారి నోటితో చెప్తే ఆ అచ్చు విరిగిపోతుంది. అలాగని ట్రాన్స్‌లేట్ యాప్‌లో తెలుగులోకి మార్చి, దాన్ని మళ్లీ ఇంగ్లీషులోకి మార్చడం కాదు నేను చెప్పేది, అది మూలం వాక్యమే ఊరంతా తిరిగి ఇంటికి రావడం లాంటిది. చెప్పాల్సింది మీ నోరు, యాప్ కాదు.

ఇంకొకటి, చూడని పేపర్‌ని చూసినట్టు సైట్ చేయడం. ఫ్లోరైడ్ తీసేసే నల్గొండ టెక్నిక్ గురించి రాస్తారు, అది నీరీ సంస్థ తయారుచేసిన పద్ధతి, పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్‌ని కిందికి దించుతారు. ఎవరో రివ్యూ పేపర్‌లో రాసింది చదివి, ఆ రివ్యూ కింద ఉన్న పాత రిఫరెన్స్‌ని ఎత్తి మన లిస్టులో పెట్టేస్తారు. రివ్యూ రాసినాయన సంవత్సరం తప్పు వేసి ఉంటే మన పేపర్‌లో కూడా అదే తప్పు వస్తుంది, రివ్యూయర్ ఇట్టే పట్టుకుంటారు. అసలు పేపర్ తెచ్చుకుని చదవండి, దొరక్కపోతే రివ్యూ ద్వారా తెలిసిందని అలాగే రాయండి.

## 4. సెక్షన్ల వారీగా ఎక్కడ జాగ్రత్త

మెథడ్స్. ఒకే ప్రోటోకాల్ అందరూ వాడతారు కాబట్టి ఇక్కడ కొంత కలవడం సహజం, దీని గురించి కంగారుపడి "సెంట్రిఫ్యూజ్" అనే పదానికి కూడా వేరే మాట వెతకొద్దు. ఎవరి పద్ధతి వాడారో సైట్ చేసి, మీరు మార్చిన ఉష్ణోగ్రత, సమయం, పరిమాణం మాత్రం వివరంగా రాయండి. అసలు మీరు వాడనే లేని పరికరం పేరు మెథడ్స్‌లో ఉందంటే కాపీ కొట్టారని అర్థం, నేను అలాంటివి చూశా.

ఇంట్రడక్షన్, లిటరేచర్ రివ్యూ. రిపోర్ట్‌లో ఎక్కువ ఎరుపు ఇక్కడే వస్తుంది. ఒక్కో పేపర్‌కి ఒక్కో వాక్యం చొప్పున, వాళ్ల అబ్‌స్ట్రాక్ట్ నుంచే తీసి వరసగా పేరుస్తారు. అలా కాకుండా విషయం వారీగా గుంపులు చేయండి, ముగ్గురు ఒకటి అన్నారు, ఇద్దరు దానికి ఎదురు చెప్పారు, తేడా ఎందుకు వచ్చింది అని. అలా రాస్తే కాపీ కొట్టడానికి మూలం అంటూ ఉండదు, ఆ పోలిక ఇంకెక్కడా లేదు కాబట్టి.

బొమ్మలు, టేబుల్స్. టెక్స్ట్ సాఫ్ట్‌వేర్ వీటిని పట్టుకోదు కాబట్టి ఫర్వాలేదనుకుంటారు. వేరేవాళ్ల బొమ్మ పెట్టాలంటే రెండు వేరు వేరు పనులు ఉన్నాయి, ఒకటి సైటేషన్, రెండోది పర్మిషన్. చాలా పెద్ద పబ్లిషర్ల ఆర్టికల్ పేజీలోనే పర్మిషన్స్ లింక్ ఉంటుంది, రైట్స్‌లింక్ అనే పర్మిషన్ల సైట్‌కి తీసుకెళ్తుంది, అక్కడ అప్లై చేసి వచ్చిన లైసెన్స్ దాచుకోండి. సీసీ బై లైసెన్స్ (పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు అనే అనుమతి) ఉన్న పేపర్ అయితే విడిగా అడగక్కర్లేదు, కానీ ఎవరిదో, ఏ లైసెన్సో, మార్పు చేస్తే ఆ సంగతీ రాయాలి. రంగులు మార్చి మళ్లీ గీసినంత మాత్రాన బొమ్మ మీది అయిపోదు.

ఈక్వేషన్లు, చట్టాల సెక్షన్లు. స్టాండర్డ్ ఈక్వేషన్లు, స్టాండర్డ్ గుర్తులు, చట్టాలు యూజీసీ లెక్కలో మినహాయింపే. వీటి గురించి టైమ్ వేస్ట్ చేయకండి.

## 5. మన పాత పేపరే అయినా చెప్పి వాడాలి

"నేను రాసిందే కదా, నేను వాడుకుంటే ఎవరికి నష్టం?" న్యాయంగానే అనిపిస్తుంది. కానీ చదివేవాళ్లు ఇది కొత్త డేటా అనుకుంటారు, తర్వాత ఎవరైనా అన్ని పేపర్లూ కలిపి లెక్కవేస్తే ఒకే ప్రయోగం రెండుసార్లు లెక్కలోకి వచ్చేస్తుంది. వైద్యంలో అయితే ఇది మందుల మీద నిర్ణయాల దాకా పోతుంది. పైగా పాత పేపర్ కాపీరైట్ చాలాసార్లు పబ్లిషర్ చేతిలో ఉంటుంది. యూజీసీ 2020 ఏప్రిల్‌లో సెల్ఫ్ ప్లేజియరిజం మీద విడిగా నోటీస్ కూడా ఇచ్చింది.

ఏది ఎలా చేయాలంటే:

- కాన్ఫరెన్స్ పేపర్‌ని పెంచి జర్నల్‌కి పంపుతుంటే: కవర్ లెటర్‌లో చెప్పండి, కాన్ఫరెన్స్ పేపర్‌ని సైట్ చేయండి, కొత్తగా ఏం చేర్చారో రెండు మూడు లైన్లలో రాయండి.
- థీసిస్ నుంచి పేపర్ తీస్తుంటే: చాలా జర్నల్స్ ఒప్పుకుంటాయి, కానీ ముందు ఆ జర్నల్ పాలసీ చదవండి. థీసిస్ శోధ్‌గంగలో (మన దేశపు థీసిస్‌లని ఆన్‌లైన్‌లో పెట్టే సైట్) ఉంటే రిపోర్ట్‌లో కలవడం ఖాయం, ఆ సంగతి మీరే ముందుగా ఎడిటర్‌కి చెప్పండి.
- పేపర్ ముందు వచ్చి థీసిస్ తర్వాత ఇస్తుంటే: ఏ చాప్టర్ ఏ పేపర్‌గా వచ్చిందో థీసిస్ మొదట్లోనే రాయండి, గైడ్ సర్టిఫికెట్ కూడా జతచేయండి.
- ప్రీప్రింట్ (జర్నల్‌లో రాకముందే ఆన్‌లైన్‌లో పెట్టిన కాపీ) పెట్టి ఉంటే: దాని డీఓఐ (పేపర్‌కి ఇచ్చే శాశ్వత ఆన్‌లైన్ నంబర్) లేదా లింక్ ఇవ్వండి.
- ఒకే డేటాని ముక్కలు చేసి నాలుగు పేపర్లు: చేయొద్దు. నిజంగా ప్రశ్నలు వేరైతే రెండోదాంట్లో మొదటిదాన్ని స్పష్టంగా చెప్పండి.
- ఒకేసారి రెండు జర్నల్స్‌కి పంపడం: అస్సలు వద్దు. మొదటిచోట లేట్ అవుతుంటే రాతపూర్వకంగా విత్‌డ్రా చేసుకుని, వాళ్ల కన్ఫర్మేషన్ వచ్చాకే రెండో చోటికి.

## 6. కో-ఆథర్లు రాసిన భాగం కూడా మీ బాధ్యతే

పేపర్ మీద పేరు ఉందంటే అందులో ప్రతి లైన్‌కీ మీరు జవాబుదారీ. నాకు బాగా తెలిసిన ఒకాయన ఏడాదిన్నర కష్టపడి డేటా తెచ్చుకున్నారు, ఇంట్రడక్షన్ మాత్రం కో-ఆథర్ ఒకరు "నేను రాసిస్తా" అంటే వదిలేశారు. ఆ ఇంట్రడక్షన్ ఏదో ఎమ్‌టెక్ డిసర్టేషన్ నుంచి మూడు పేరాలు అలాగే దిగింది. పేపర్ రిజెక్ట్ అయింది, కారస్పాండింగ్ ఆథర్ కాబట్టి మెయిల్ ఈయనకే వచ్చింది, డేటాలో ఒక్క తప్పు లేదు. ఆ మెయిల్ నాకు చూపించినప్పుడు ఆయన మొహం నాకింకా గుర్తుంది.

కాబట్టి మొదట్లోనే ఎవరు ఏ సెక్షన్ రాస్తారో మెయిల్‌లో రాసుకోండి, వాట్సాప్‌లో మాట అనుకోవడం చాలదు. ప్రతి ఒక్కరినీ వాళ్ల భాగంతో పాటు మూలం పీడీఎఫ్‌లు కూడా షేర్డ్ ఫోల్డర్‌లో పెట్టమనండి. "మీ భాగంలో యథాతథంగా తీసుకున్న వాక్యం ఏదైనా ఉందా, మీ పాత పేపర్ నుంచి తెచ్చింది ఉందా" అని సూటిగా అడగండి. సీనియర్ని అడగడానికి మొహమాటం ఉంటుంది, తెలుసు, "రిపోర్ట్ తీసేముందు అందరి దగ్గరా తీసుకుంటున్నాను సర్" అంటే ఎవరూ తప్పుగా అనుకోరు. సబ్మిట్ చేసే ముందు ఫైనల్ కాపీ అందరికీ పంపి ఓకే మెయిల్ తీసుకోండి.

## 7. ఏఐ టూల్స్, స్పిన్నర్లు

పదాలు తిప్పేసే స్పిన్నర్ సాఫ్ట్‌వేర్‌లు వాడొద్దు. "ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్" అనే మాటని అవి "కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్" అని, "బ్రెస్ట్ క్యాన్సర్"ని "బూజమ్ పెరిల్" అని మారుస్తాయి. ఇవి నేను కల్పించినవి కావు, ప్రింటైన పేపర్లలో దొరికినవే. వీటికి టార్చర్డ్ ఫ్రేజెస్ అని పేరు కూడా పెట్టారు, 2021 నుంచి పరిశోధకులు వీటి ఆధారంగానే వేల పేపర్లని వెతికి పట్టుకుంటున్నారు, చాలా పేపర్లు రిట్రాక్ట్ అయ్యాయి. శాతం తగ్గింది అని సంబరపడితే అదే మాట తర్వాత మీ పేరు పక్కన సాక్ష్యంగా నిలుస్తుంది.

చాట్‌బాట్‌ల విషయానికొస్తే, గ్రామర్ దిద్దించుకోవడానికి చాలా జర్నల్స్ ఒప్పుకుంటాయి, ఏ మేరకు వాడారో చెప్పమంటాయి. ఏఐని ఆథర్‌గా పెట్టకూడదని కోప్ (పబ్లిషింగ్‌లో నైతిక నియమాలు చెప్పే అంతర్జాతీయ కమిటీ) స్పష్టంగా చెప్పింది. పేరాలకి పేరాలు రాయించుకుంటే రెండు ప్రమాదాలు. ఒకటి, ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో మీకు తెలియదు, కాబట్టి సైట్ చేయలేరు. రెండు, లేని రిఫరెన్సులు ఉన్నట్టు రాసిస్తుంది, పేరు, జర్నల్, వాల్యూమ్ అన్నీ అచ్చం నిజంలా. ప్రతి రిఫరెన్స్ డీఓఐని బ్రౌజర్‌లో తెరవండి, తెరుచుకున్న పేజీలో టైటిల్ అదేనా చూడండి. నలభై రిఫరెన్సులుంటే గంట పడుతుంది, అంతే.

## 8. తెలుగులో రాసేవాళ్లకి ప్రత్యేకంగా

తెలుగు, చరిత్ర, జానపద విభాగాల వాళ్లు ఎక్కువగా అను ఫాంట్స్‌లో టైప్ చేయిస్తారు. ఆ ఫైల్ సాఫ్ట్‌వేర్‌కి ఇస్తే అది తెలుగుగా చదవదు, లోపల ఏవో ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులుగా కనపడుతుంది, రిపోర్ట్ సున్నాకి దగ్గరగా వస్తుంది. ఆ సున్నాకి అర్థం లేదు. యూనికోడ్‌కి మార్చి, కన్వర్షన్‌లో వచ్చిన ఒత్తుల తప్పులు దిద్దుకుని, అప్పుడు రిపోర్ట్ తీయండి.

పాత తెలుగు పుస్తకాలు, పత్రికలు చాలావరకు స్కాన్ బొమ్మలుగానే ఉన్నాయి, సాఫ్ట్‌వేర్ వాటితో పోల్చలేదు. ఇంగ్లీషు వ్యాసాన్ని తెలుగులోకి అనువదించి తన పేరుతో వేసుకున్నా మామూలుగా పట్టుకోలేదు. యంత్రం పట్టుకోకపోయినా ఆ రంగంలో చదివిన మనిషి రెండో పేజీలోనే పట్టుకుంటారు, తెలుగు పరిశోధనలో ఒకరి పుస్తకం ఇంకొకరికి తెలియనంత పెద్ద లోకం కాదు మనది. అనువదించి తీసుకున్న ప్రతి భాగానికీ "అనువాదం నాది" అని రాసి, మూలం పేజీతో సహా ఇవ్వండి. ఫీల్డ్‌వర్క్‌లో పాట పాడిన, కథ చెప్పిన మనిషి పేరు, ఊరు, తేదీ వారి అనుమతితో రాయండి, వాళ్లది కూడా మూలమే.

## 9. రిపోర్ట్ ఎప్పుడు తీయాలి, ఎలా చదవాలి

పేపర్ పూర్తయ్యాక, గడువుకి కనీసం రెండు వారాల ముందు. ముందు రోజు కాదు.

ఎక్కడ తీయించాలి: మీ యూనివర్సిటీ లైబ్రరీలో అడగండి. యూజీసీ కింద లైబ్రరీల కోసం ఉన్న ఇన్‌ఫ్లిబ్‌నెట్ 2019లో శోధ్‌శుద్ధి అనే కార్యక్రమం మొదలుపెట్టి, యూనివర్సిటీలకి ముందు ఉర్కుండ్, తర్వాత డ్రిల్‌బిట్ అనే సాఫ్ట్‌వేర్‌లు ఇచ్చింది. జర్నల్స్ ఎక్కువగా క్రాస్‌రెఫ్ సిమిలారిటీ చెక్ అనే సర్వీస్ ద్వారా ఐథెంటికేట్ సాఫ్ట్‌వేర్ వాడతాయి, పబ్లిషర్లు డబ్బు కట్టి చదివే పేపర్లని కూడా అందులో పోలికకి ఇస్తారు. నెట్‌లో ఉచితంగా దొరికే చెకర్లకి ఆ పేపర్లు అందవు, కాబట్టి అక్కడ 3 వచ్చి జర్నల్‌లో 25 వస్తే ఆశ్చర్యపోకండి. జిరాక్స్ షాపులో, వాట్సాప్ గ్రూపులో తక్కువ రేటుకి రిపోర్ట్ తీసిస్తామనే వాళ్లకి అచ్చు కాని పేపర్ పంపడం ఎంత మాత్రం మంచిది కాదు, ఆ ఫైల్ ఎక్కడికి పోతుందో మీ చేతిలో ఉండదు.

రిపాజిటరీ సెట్టింగ్: అప్‌లోడ్ చేసేటప్పుడు ఫైల్‌ని డేటాబేస్‌లో దాచకుండా ఉండే ఆప్షన్ పెట్టమనండి. దాచేస్తే రెండోసారి తీసినప్పుడు మీ పేపర్ మీ పేపర్‌తోనే కలిసి దాదాపు 100 చూపిస్తుంది, ఈ ఒక్క కారణంగా నిద్రపోని స్కాలర్లని చాలామందిని చూశా.

ఫిల్టర్లు: రిఫరెన్సులు, కొటేషన్లు తీసేసి ఒక రిపోర్ట్, ఏమీ తీయకుండా ఒక రిపోర్ట్, రెండూ తీసుకోండి. ఎడిటర్ ఏది చూస్తారో మనకి తెలియదు కదా.

తర్వాత శాతం వైపు చూడకుండా ఒక్కో రంగు దగ్గర ఆగి ఈ ప్రశ్నలు వేసుకోండి:

- ఇది పద్ధతి పేరో, సంస్థ పేరో, మామూలు పదబంధమో అయితే: వదిలేయండి.
- విషయం వాళ్లది, సైటేషన్ లేదు: సైటేషన్ పెట్టి, వాక్యం మూడో సెక్షన్‌లో చెప్పినట్టు మళ్లీ రాయండి.
- సైటేషన్ ఉంది, వాక్యం మాత్రం వాళ్లదే: మళ్లీ రాయండి, లేదా ఆ మాటలే ముఖ్యమైతే కొటేషన్ పెట్టండి.
- మీ పాత పేపర్‌తో కలిసింది: ఐదో సెక్షన్ చూడండి.
- మీరు ఎప్పుడూ చూడని పేపర్‌తో కలిసింది: ఆ పేపర్ తెరవండి. ఇద్దరూ ఒకే మూడో మూలం నుంచి తీసుకుని ఉంటారు, ఆ మూలం వెతికి సైట్ చేయండి.
- రిజల్ట్స్‌లోనో కన్‌క్లూజన్‌లోనో ఎరుపు ఉంటే: ఒక్క వాక్యమైనా సరే, ముందు దాని సంగతి చూడండి.

రంగు పోవడానికి అక్షరాల మధ్య తెల్లరంగు గుర్తులు పెట్టడం, టెక్స్ట్‌ని బొమ్మగా మార్చి అతికించడం, ఇంగ్లీషు అక్షరం బదులు అలాగే కనపడే రష్యన్ అక్షరం పెట్టడం, ఇలాంటివి చాలావరకు సాఫ్ట్‌వేర్‌లు ఇప్పుడు విడిగా పట్టి చూపిస్తున్నాయి. పొరపాటుగా జరిగిన కాపీని ఎడిటర్ క్షమించొచ్చు, దీన్ని మాత్రం కావాలని చేశారనే అంటారు.

## 10. సబ్మిట్ బటన్ నొక్కే ముందు

- [ ] టెక్స్ట్‌లో ఉన్న ప్రతి సైటేషన్ లిస్టులో ఉంది, లిస్టులో ఉన్న ప్రతిదీ టెక్స్ట్‌లో ఉంది
- [ ] ప్రతి డీఓఐ తెరిచి చూశాను
- [ ] రిట్రాక్ట్ అయిన పేపర్ ఏదీ లిస్టులో లేదు
- [ ] బొమ్మలకి పర్మిషన్ లెటర్లు ఫోల్డర్‌లో ఉన్నాయి
- [ ] కాన్ఫరెన్స్, థీసిస్, ప్రీప్రింట్ వివరాలు కవర్ లెటర్‌లో ఉన్నాయి
- [ ] కో-ఆథర్లందరి ఓకే మెయిల్ ఉంది
- [ ] ఏఐ వాడకం గురించి జర్నల్ అడిగినచోట రాశాను
- [ ] వేరే ఏ జర్నల్ దగ్గరా ఈ పేపర్ లేదు
- [ ] నోట్స్, పాత డ్రాఫ్ట్‌లు తేదీలతో సహా దాచాను

చివరిది ఎవరూ చేయరు. రేపు ఎవరైనా మీ మీదే ఆరోపణ చేస్తే, లేదా మీ పేపర్‌ని వేరేవాళ్లు ఎత్తేస్తే, మీకు అండగా ఉండేది ఆ తేదీలున్న డ్రాఫ్ట్‌లే.

## 11. ఎడిటర్ నుంచి మెయిల్ వస్తే, లేదా అచ్చయ్యాక మీకే తప్పు కనపడితే

కంగారులో వెంటనే జవాబు రాయకండి, అలాగని వారాల తరబడి నాన్చకండి కూడా. "మీ మెయిల్ అందింది, పరిశీలించి ఫలానా తేదీలోగా వివరంగా రాస్తాను" అని ముందు ఒక లైన్ పంపండి. తర్వాత రిపోర్ట్ పక్కన పెట్టుకుని, ఒక వరసలో ఎడిటర్ చూపించిన వాక్యం, రెండో వరసలో మూలం, మూడో వరసలో అది ఎలా వచ్చింది, నాలుగో వరసలో ఎలా సరిచేస్తారు అని టేబుల్ చేయండి. తప్పు ఉంటే ఉందని రాయండి, "టైపిస్ట్ పొరపాటు", "స్టూడెంట్ రాశాడు" అని రాయొద్దు. చాలామంది ఎడిటర్లు కోప్ ఫ్లోచార్ట్ ప్రకారం నడుస్తారు, జవాబు ఇవ్వకపోయినా, జవాబు సరిపోకపోయినా తర్వాతి మెయిల్ మీ యూనివర్సిటీకి వెళ్తుంది.

అచ్చయ్యాక మీ పేపర్‌లో మీకే తప్పు కనపడితే ఎవరూ చూడలేదులే అని ఊరుకోకండి. ఒక సైటేషన్ తప్పిపోయినట్టయితే కరెక్షన్ నోటీస్‌తో సరిపోవచ్చు, పెద్ద భాగమైతే రిట్రాక్షన్ దాకా పోవచ్చు, ఆ నిర్ణయం ఎడిటర్‌ది. మీరు చేయాల్సింది పేపర్ టైటిల్, డీఓఐ, తప్పు ఉన్న పేజీ, పేరా, అసలు మూలం, మీరు కోరే సవరణ వాక్యం, ఇవన్నీ ఒకే మెయిల్‌లో రాసి పంపడం. పంపేముందు కో-ఆథర్లకి ఫోన్ చేసి చెప్పండి, వాళ్లు ఆ సంగతి మొదటిసారి సీసీలో చదవకూడదు.